తుడిచే చేతులు

గాజువాక ఆటోనగర్‌లో దేముడి షెడ్డు ముందు నిలబడి చూస్తే, లోపలి లేజర్ కటింగ్ మిషన్ నిన్నగాక మొన్న దింపినట్టుంటుంది. నిజానికి అదే లారీలో దానితోపాటు వచ్చిన పక్క షెడ్డు మిషన్ ఎప్పుడో తుక్కు కింద పోయింది. అక్కడి సముద్రపు గాలి అలాంటిది. ఉప్పూ తేమా చెట్టపట్టాలేసుకుని వచ్చి, ఇనుము కనబడితే చాలు కూర్చుని తినేస్తాయి. పట్టాల మీద తుప్పు, గాజు మీద మసక, నీళ్ల గొట్టాల్లో పాకుడు. లేజర్ మిషన్ ఇనుప రేకుని ఇట్టే కోసి పారేస్తుందని అందరికీ తెలుసు. అంత లావు మిషనూ, దాని మూతి దగ్గరుండే రూపాయి బిళ్లంత గాజు మీద చిన్న మరక పడితే చాలు మూలన పడుతుందని మాత్రం దాన్ని సాకేవాళ్లకే తెలుసు.

ఆ మిషన్‌ని సాకేది దేముడి భార్య ఎర్నమ్మ. కొయ్యడం అతని పని, కాపాడడం ఆమె పని. పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే మెత్తటి నూలుగుడ్డతో పట్టాలు తుడిచి నూనె రాసేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో మూతిగాజు తుడిచేది. కింది తొట్టెలో రాలిన ఇనుప చిట్టెం ఎత్తిపోసి, మిషన్‌ని చల్లబరిచే పెట్టెలో నీళ్లు చూసి, అప్పుడుగానీ టీ గ్లాసు ముట్టేది కాదు. చేతులకి గ్లవుజులు తొడుక్కోమని ఎవరన్నా అంటే, "పిల్లకి నీలోసినప్పుడు గ్లవుజులేసుకుంటారేటి?" అని ఎదురు అడిగేది. అడిగినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

వాళ్లకి ఒక్కతే కూతురు, నూకరత్నం. నగరానికి అవతలి చివర ఒక పరిశోధనశాలలో లోహాల మీద పనిచేస్తూ అక్కడే చిన్న గది తీసుకుని ఉంటుంది. ఆదివారం ఆదివారం ఇంటికొస్తుంది. లోహం ఎందుకు అరుగుతుందన్నది ఆమె చదువు. ఆ అరుగుదలని పక్కకి తప్పించలేమా అన్నది ఆమె పిచ్చి.

ఆ పిచ్చి ఒక మధ్యాహ్నం పండింది. తిరిగే సానరాయికి ఒక ఉక్కు కత్తిని ఆనించి పెట్టింది రత్నం. కత్తి ఒంటికి ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి అంటించి ఉంది. పొర నుంచి ఒక తీగ బయల్దేరి బల్ల మీది రాగి దిమ్మకి తగిలి ఉంది. రాయి గిర్రున తిరిగింది, రవ్వలు లేచాయి. ఎంతసేపు రాసినా కత్తి అంచు చెక్కు చెదరలేదు. ఆమె కత్తినే చూస్తూ ఉండిపోయింది. బల్ల మీద ఏదో సన్నగా రాలుతున్న చప్పుడైతే తల తిప్పింది. ఏ రాయీ తగలని, ఎవరూ ముట్టని రాగి దిమ్మ దానంతట అదే గుంటలు పడి పొడిపొడిగా రాలుతోంది.

పరిశోధనశాల పెద్ద సుందరరావుగారు ఆ పొడిని వేలితో అద్దుకుని చూశారు.

"అరుగుదలని ఆపలేదన్నమాట. వేరే ఇంటికి పంపించావు."

"ఆపడం ఎవరి వల్లా కాదు సార్. అది ఎవరో ఒకరు భరించాల్సిందే. ఎవరు భరించాలో మాత్రం ఇక మనం చెప్పొచ్చు" అంది రత్నం.

ఆ మాట అన్నప్పుడు ఆమెకి ఎంత గర్వంగా ఉండిందో! తర్వాత అదే మాట కంటి మీద కునుకు లేకుండా చేసింది.

మొదటి పొర తండ్రి మిషన్‌కే అంటించింది. తీగ లాగి, కొత్త రాగి దిమ్మని మిషన్ కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది. "మిషన్ అరిగేదంతా ఇక ఈ దిమ్మ అరుగుతుంది. ఇది చిక్కిపోతే చెప్పండి, ఇంకోటి తెస్తాను" అని చెప్పింది. దేముడు బుద్ధిగా తలూపాడు. ఎర్నమ్మ కొబ్బరికాయ కొట్టి, కూతురి బుగ్గలు పుణికి, కళ్లు తుడుచుకుంది.

ఇక మిషన్‌కి వయసన్నది ఆగిపోయింది. మూతిగాజు మసకబారదు, పట్టాలు బిగుసుకోవు, ఎన్నాళ్లు కోసినా వెలుగు తగ్గదు. మిషన్ ఎలా ఉందో చెప్పే అంకెలు రత్నం ఫోనుకే వచ్చేవి, ప్రతిరోజూ ఆమె వాటిని చూసుకుని మురిసిపోయేది. ఆ అంకెలన్నీ మిషన్ గురించే. దిమ్మ ఎలా ఉందో చెప్పే అంకె ఒక్కటీ లేదు. ఆదివారం షెడ్డుకి సెలవు కాబట్టి ఆమె అటు వెళ్లి చూసిందీ లేదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర దేముడు నవ్వుతూ మొదలెట్టాడు. "నిన్న రేషన్ డిపోలో మీ యమ్మ పరువు తీసీసినాదే. బియ్యం కోసం ఏలు ఎట్టమంటే ఎన్నిసార్లు ఎట్టినా మిషన్ తీసుకోదు. డీలరేటన్నాడో తెల్సా? 'ఏటమ్మా, ఏలిముద్ర ఇంటికాడ మర్సిపోయి వచ్చీసినావేటి?' అన్నాడు. నా ఏలు ఎట్టి తెచ్చుకున్నాం."

ఎర్నమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పొయ్యి మీద ఉడుకుతున్న పులుసు గిన్నెని మసిగుడ్డ లేకుండా ఉత్త చేతులతో దించి, కూతురి కంచం పక్కన పెట్టింది.

రత్నం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, కాలలేదా?"

"కాల్దే. ఈమజ్జన ఏటీ తెలట్లేదు. సల్లగా, తిమ్మిరి తిమ్మిరిగా ఉంటాయి సేతులు. మీ నాన్న కొబ్బరినూనె ఎట్టి రుద్దుతున్నాడు. రుద్దితే కాస్త బాగుంటాది."

రత్నం తల్లి చెయ్యి లాక్కుని తిప్పి చూసింది. అరచేతిలో ఒక్క గీత లేదు. వేళ్ల కణుపుల దగ్గర మడతల్లేవు. కత్తిపీట తెగినప్పటి మచ్చ, పెళ్లినాడు పొడిపించుకున్న పచ్చబొట్టు, ఏదీ లేదు. పనిచేసి పనిచేసి గరుకెక్కిన ఆ చెయ్యి ఎవరూ కాపురం ఉండని ఇంటిలా నున్నగా, ఖాళీగా ఉంది. అది తన తల్లి చెయ్యే అని గుర్తుపట్టడానికి రత్నానికి గాజులు తప్ప ఏమీ దొరకలేదు.

"నాన్నా, రాగి దిమ్మ ఎంతవరకు అరిగింది?"

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అరగడమేటే? అద్దంలా ఉన్నాది. నీ పనితనం అంటే అదీ!" అన్నాడు దేముడు.

ఎంగిలి చెయ్యి కడుక్కుని ముగ్గురూ షెడ్డుకి వెళ్లారు. మిషన్ కాళ్ల దగ్గర దిమ్మ లేదు. గోడకి కొట్టిన దేవుడి అలమర్లో, నూకాలమ్మ పటం పక్కన, పసుపు రాసి బొట్టు పెట్టిన రాగి దిమ్మ చామంతిపూలు తలమీద పెట్టుకుని నిగనిగలాడుతోంది.

"నేల మీదుంటే అందరి కాళ్లూ తగుల్తన్నాయే," అంది ఎర్నమ్మ, ఏదో తప్పు జరిగిందని అర్థమై గొంతు తగ్గించి. "నా కూతురు సేసిన వస్తువుని కాల్తో తంతామేటి? అందుకే పైకెట్టీసినాను. తీగ అందలేదు. ఊడదీసి, సుట్ట సుట్టి, డబ్బాలో బద్రంగా ఎట్టినాను."

రత్నానికి కోపం రాలేదు. వచ్చినా ఎవరి మీద చూపించాలి? పొర అరుగుదలని మిషన్ లోంచి బయటికి నెడుతూనే ఉంది, తీసుకోవడానికి దిమ్మ లేదు. రోజూ పొద్దున్నే దాన్ని ప్రేమగా ఒత్తి ఒత్తి తుడిచే చెయ్యి ఒకటి ఉంది. లోహం మాత్రమే తీసుకోగలదని ఆమె అనుకుంది, ప్రాణమున్న చెయ్యి కూడా తీసుకోగలదా అని ఒక్కసారైనా పరీక్షించలేదు. తల్లి ఒంట్లోంచి కాలాన్ని తోడుకుని మిషన్ కొత్తగా ఉండిపోయింది. రత్నం పొరని పీకి పక్కనబెట్టింది. తళతళా మెరుస్తున్న ఆ పట్టాలకి వీపు తిప్పి నిలబడింది.

"తలుపు తీసి లోనికి రాగానే అది నాకోసమే సూస్తన్నట్టుంటాదే" అంది ఎర్నమ్మ మెల్లగా. "ఇన్నాళ్లూ ముద్దుతో సూస్తందనుకున్నాను."

మర్నాడు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దాన్ని వెలుతురుకి పట్టుకుని చూపించారు. వేళ్ల దగ్గర ఎముక ఉండాల్సిన చోట ఎముక నీడలాంటిది ఉంది. తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఆ నీడ మణికట్టు దాటింది. పొర తీసేసినా, మిషన్‌ని ముట్టుకోవడం మానేసినా, లోపలికి చేరిన అరుగుదల దారి చేసుకుంటూ పైకి పోతూనే ఉంది. చేతులతో ఆగేది కాదని రత్నానికి తెలిసిపోయింది. మోచేయి తర్వాత భుజం, భుజం తర్వాత గుండె.

ఆమె పరిశోధనశాలలోనే మకాం పెట్టింది. పొరని తిరగేసి అంటిస్తే అరుగుదల వెనక్కి నడుస్తుందేమోనని పాత కత్తి మీద చూసింది. నడిచింది. చెక్కు చెదరని కత్తి చూస్తుండగానే మొద్దుబారి తుప్పెక్కింది, దిమ్మ మీది గుంటలు ఒక్కొక్కటే పూడుకొచ్చాయి. కానీ అన్నీ పూడకముందే కత్తి పొడైపోయింది. మిగతా గుంటల కోసం ఇంకో కత్తి పెడితే అది తీసుకోలేదు. ఏ ఇనుము అరుగుదల ఆ ఇనుముకే తిరిగి వెళ్తుంది, అది పట్టినంతవరకే వెళ్తుంది. ఆ సంగతి తేలాక రత్నం దిమ్మ మీద మిగిలిపోయిన గుంటల్ని వేలితో తడుముతూ కూర్చుంది.

సుందరరావుగారు అంతా విన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, కాకపోతే అప్పటికే పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకి మాట ఇచ్చి ఉన్నారు.

"ఇది వాడినవాళ్ల పొరపాటమ్మా. 'దిమ్మ కదపరాదు' అని ఎర్ర అక్షరాలతో రాయిద్దాం."

"ఎన్ని అక్షరాలు రాసినా, సార్, ప్రతి షెడ్డులోనూ ఒక దేవుడి అలమర ఉంటుంది. ప్రతి మిషన్ దగ్గరా దాన్ని తుడిచేవాళ్లు ఒకరుంటారు."

తండ్రి మిషన్ నుంచి పీకిన పొర ఒక్కటి ఉంచుకుని, ఆమె మిగిలిన పొరలన్నీ తెచ్చి ఆయన కళ్లముందే యాసిడ్ తొట్టెలో వేసింది. తయారీ విధానం రాసుకున్న కంప్యూటర్‌ని కూడా అంతకుముందే తుడిచిపెట్టేసింది. ఆయన కేకలేశారు, బల్ల గుద్దారు. తర్వాత ఉన్నట్టుండి ఊరుకుని, తన రెండు అరచేతులూ కిటికీ వెలుతురులో పెట్టుకుని గీతలు వెతుక్కున్నారు. ఆ రోజుల్లో రత్నం కూడా ఎవరు ఎదురైనా ముందు చేతులే చూసేది. బస్సులో కడ్డీ పట్టుకున్న చేతులు, టీ అందించే చేతులు, కూరలు తూచే చేతులు. మొహాలు ఆమెకి గుర్తుండేవి కావు.

శుక్రవారం పొద్దున్న షెడ్డులో పొర తిరగేసి అంటించింది. తల్లిదండ్రుల్ని ఎదురుగా నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. "అమ్మ తుడిచేకొద్దీ మిషన్ అరుగుతుంది. పూర్తిగా పోతుంది, నాన్నా. మళ్లీ కొయ్యడానికి పనికిరాదు."

"పోతే పోనీ," అన్నాడు దేముడు. ఆటోనగర్ అంతా తిప్పి తిప్పి చూపించుకున్న మిషన్ గురించి అంత తేలిగ్గా అనేస్తాడని రత్నం అనుకోలేదు.

"ఇంకో మాట. అది ఎంతవరకు పడుతుందో నాకు తెలీదు. అమ్మదంతా పట్టకముందే రాలిపోయినా రాలిపోవచ్చు."

"అయితే ఇంకెవుల్లూ దాన్ని ముట్టుకోకూడదు కదా?"

"ముట్టుకోకూడదు. ఉన్న చోటంతా అమ్మకే కావాలి."

దేముడు సరేనని తలూపి, చేతులు వెనక్కి కట్టుకుని, గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఎర్నమ్మ నూలుగుడ్డ తీసుకుంది. మిషన్ దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. "పాపం కదే, రత్నం. దానికేటి తెల్సు."

"తుడువమ్మా."

ఆమె తుడిచింది. రోజూ తుడిచినట్టే, ఒక చివర మొదలెట్టి రెండో చివరదాకా. గుడ్డ వెళ్లిన దారంతా పట్టాలు ఎర్రబారాయి. రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. మూతిగాజు టప్పున పగిలింది. నీళ్ల గొట్టం చీలి, పాచివాసన వేసే నీళ్లు నేలంతా పారాయి. పక్క షెడ్డు మిషన్‌కి ఏళ్లు పట్టిన ముసలితనం దీనికి కళ్లముందే వచ్చేసింది. ఎర్నమ్మ ఏడుస్తూ తుడిచింది. ఆఖరికి చట్రం కూడా మెత్తబడి, బరువు ఆపుకోలేక, తుప్పు పొడై కుప్పగా కూలింది. పొర కూడా అందులోనే కలిసిపోయింది. ఎర్నమ్మ చేతిలో ఉత్త గుడ్డ మిగిలింది.

రత్నం తల్లి చెయ్యి లాక్కుని చూసింది. గీతలు, కణుపుల మడతలు, కత్తిపీట మచ్చ, పచ్చగా పచ్చబొట్టు. ఆమె ఆ చేతిని మొహానికి అద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గరుకుగా తగిలింది చెయ్యి. అంత హాయైన గరుకుదనం ఆమె ఎన్నడూ ఎరగదు.

మధ్యాహ్నం ఎర్నమ్మ వంట చేస్తూ, "ఓలమ్మో, కాలిందే!" అని పండగొచ్చినంత సంబరంగా అరిచింది. ముగ్గురూ నవ్వారు. కంచాల ముందు కూర్చున్నారు. దేముడు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. గ్లాసు జారి కింద పడింది, నీళ్లు ఒలికాయి. అతను మాత్రం గ్లాసు ఇంకా చేతిలో ఉన్నట్టే నోటిదాకా తీసుకెళ్లాడు.

నవ్వు ఆగిపోయింది. రత్నం కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపింది. "నీ చెయ్యి ఇలా ఇయ్యి, నాన్నా."

"ఏటీ లేదు, అన్నం తిను."

"ఇయ్యి."

ఇచ్చాడు. నున్నటి, ఖాళీ అరచెయ్యి.

"ఎప్పట్నుంచి?"

"మీ యమ్మ సేతులు రుద్దడం మొదలెట్టినకాడ్నించి. రుద్దిన నాడు మీ యమ్మ సుకంగా పడుకునేది, నా సేతులకి సల్లదనం వచ్చేది. మొదట నాకూ తెల్దు. తెల్సినాక ఇంకాసేపు రుద్దినాను, అంతే."

"పొద్దున్న మిషన్ ఉంది కదా! నువ్వూ తుడిచుంటే నీదీ పోయేది. ఎందుకు చెప్పలేదు?"

"సోటు మీ యమ్మకే సాల్దేమో అన్నావు కదే. మజ్జలో నేనెలాగ దూరిపోతాను?"

రత్నం తండ్రిని షెడ్డుకి లాక్కెళ్లింది. తుప్పు కుప్పలో అతని చేతులు పెట్టి రుద్దించింది. అరచేతులకి ఎర్రమన్ను అంటుకుంది తప్ప ఇంకేమీ కాలేదు. పట్టేదేదో పొద్దున్నే పట్టేసింది, ఇక తీసుకోవడానికి అక్కడ ఇనుము లేదు. ప్రపంచంలో మరే ఇనుమూ తీసుకోదు. అంత చదువూ చదివిన మనిషి ఆ తుప్పులో మోకాళ్ల మీద కూలబడి, ఏం చెయ్యాలో తోచక తండ్రి చేతులు పట్టుకుని ఉండిపోయింది.

వెనకాలే వచ్చిన ఎర్నమ్మ మొగుడి పక్కన చతికిలబడి అతని చేతుల కోసం చెయ్యి చాపింది. దేముడు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. "ఒద్దే ఎర్నీ. మల్లీ నీకే వచ్చీస్తాది."

"నా కాడ్నించి నన్ను అడక్కండా అట్టుకెల్లిపోనావు కదా, మావా. ఇప్పుడు నేనూ నిన్ను అడగను" అంది ఎర్నమ్మ. ఆమె గొంతులో కోపమే ఎక్కువగా ఉంది.

రత్నం లేచి వాళ్లిద్దరి మధ్యకి వచ్చి కూర్చుంది. ఆమె ఆలోచన అప్పటికి ఒక కొలిక్కి వచ్చింది. "ఇది ఎక్కడికీ పోదు. ఒక్కరి దగ్గరే నిలవుంటే ఎముకలోకి దిగి గుండెకి పోతుంది. దిగకముందే ఇంకొకరు తీసేసుకుంటే పై పైనే తిరుగుతుంది. మనం ముగ్గురం ఉన్నాం, వంతులేసుకుందాం. బతికినంతకాలం తిప్పుకుందాం. మొదటి వంతు నాది."

"సంపేస్తాను," అన్నాడు దేముడు. "పిల్లముండవి, నువ్వు ముట్టుకుంటే సంపేస్తాను." లేవబోయాడు.

లేవనివ్వకుండా పట్టుకుంది ఎర్నమ్మే. కూతురి మొహంలోకి ఒక్కసారి చూసి, ఇక చూడలేక తల తిప్పుకుని, మొగుడి మణికట్లు రెండూ గట్టిగా అదిమిపట్టింది. దేముడు పెనుగులాడాడు, తిట్టాడు, బతిమాలాడు. రత్నం తండ్రి అరచేతిని ఒళ్లోకి తీసుకుని రెండు బొటనవేళ్లతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. వేళ్ల చివర్లనుంచి చల్లదనం ఎక్కసాగింది. ఆమె పళ్లు బిగబట్టి ఇంకాస్త ఒత్తి రుద్దింది.

కాసేపటికి దేముడి నున్నటి అరచేతిలో సన్నగా ఒక గీత తేలింది. అతను దానికేసి చూశాడు, కూతురి చేతులకేసి చూశాడు. గబుక్కున గుప్పిట మూసేసుకుని, గోడవైపు తిరిగి, బావురుమని ఏడ్చాడు.